కుట్టుమిషను డబ్బాలోని ఉక్కు పాదములు

ఇంటిలో తాతలనాటి కుట్టుమిషను ఉన్నచో దాని బల్లసొరుగులో ఒక రేకుడబ్బా కూడ ఉండుట పరిపాటి. మూత తీసినచో రెండు మూడు ఖాళీ బాబిన్లు, వంగిన సూదులు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, వాటి అడుగున నూనెజిడ్డుతో ఒకదానికొకటి అంటుకొనియున్న కొన్ని వింత ఉక్కుముక్కలు కనబడును. ఒకటి నత్తగుల్లవలె చుట్ట చుట్టుకొని యుండును. మరియొకటి మిడుతవలె కాలు చాచి యుండును. వేరొకదానికి ముందుభాగమున దువ్వెనవంటి చీలికలుండును. వీని పేరేమి, పని యేమి యని అడిగినచో ఇంటిలో చెప్పగలవారుండరు. అమ్మమ్మకు తెలిసియుండును, ఆమె లేదు. పాత ఇనుము కొనువాడు వీధిలోనికి వచ్చిననాడు డబ్బాతో సహా ఆ ముక్కలన్నియు త్రాసులోనికి పోవును.

పోయినది గుప్పెడు ఇనుమే గదా యని తోచును. కాని ఆ ముక్కలలో ప్రతిదియు ఒక చేతిపనికి మారుగా నిలిచినట్టిది. గుడ్డయంచును సన్నగా మడచు బొటనవ్రేలి నేర్పు, కుచ్చులను సమముగా త్రోయు చూపుడువ్రేలి ఒడుపు, ఒక కుట్టు వరుసకును మరియొక వరుసకును ఎడము తప్పనీయని కంటి లెక్క - వీనినన్నిటిని శ్రద్ధగా గమనించినవారు ఉక్కులో మలచిరి. పేరు మరచినంత మాత్రమున ఆ నేర్పు నశింపదు. ముక్కను చేతబట్టి, “ఇది ఏ వ్రేలి పని చేయుచున్నది?” అని అడుగగలిగినచో దాని ఆకారమే సమాధానమిచ్చును. త్రాసులోనికి పోయిన పిమ్మట మాత్రము అడుగుటకేమియు మిగులదు.

పాదము చేయు పనులు

కుట్టుమిషనులో సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టు ముక్కను దర్జీలు ‘ఫుట్’ అందురు. పాదమనుటయు సరియైన మాటయే. చూచుటకు స్వల్పమైనను ఇది లేనిదే కుట్టు సరిగా పడదు. చేతిసూదికి తలయందు కన్నముండగా మిషను సూదికి మొనయందు కన్నముండును. ఈ సూది గుడ్డను పొడుచుకొని దిగి, మరల పైకి లేవనారంభించిన క్షణమున, దానివెంట దిగిన దారము గుడ్డ రాపిడిచే వెంటనే పైకి రాలేక చిన్న ఉచ్చువలె ఉబ్బును. ఆ ఉచ్చులోనికి షటిల్ మొన దూరి క్రింది దారమును పై దారముతో పెనవేయును. సూదితోపాటు గుడ్డయు పైకి లేచినచో ఉచ్చు ఏర్పడదు, షటిల్ వట్టి చేతులతో తిరిగిపోవును, కుట్టు తప్పిపోవును. గుడ్డను లేవనీయకుండుట పాదము మొదటి పని.

అమెరికాలో ఎలియాస్ హోవే 1846 సెప్టెంబరు 10వ తేదీన పేటెంటు పొందిన మిషనులో మొనకన్నపు సూదియు షటిలును ఉండెను. కాని గుడ్డను ముళ్ళున్న పలకకు గ్రుచ్చి నిలువుగా వ్రేలాడదీయవలసియుండెను. పలక పొడవు ముగిసినంతనే మిషను నాపి గుడ్డను మరల గ్రుచ్చవలెను. ఐజాక్ మెరిట్ సింగర్ 1851 ఆగస్టు 12వ తేదీన పేటెంటు పొందిన మిషనులో గుడ్డ బల్లపై చదునుగా పరచుకొనెను. సూది పైనుండి నిలువుగా దిగెను. దాని ప్రక్కనే ఒక పాదము గుడ్డను అణచిపట్టెను. 1854లో అలెన్ విల్సన్ అనునాతడు గుడ్డను జరుపు పండ్లకు పేటెంటు పొందెను. ఈ పండ్లు బల్ల క్రిందినుండి లేచి గుడ్డను కరచును, ఒక కుట్టుదూరము జరుపును, క్రిందికి దిగును, వెనుకకు పోయి మరల లేచును. పండ్లు కరచుటకు పైనుండి ఒత్తిడి కావలెను. ఆ ఒత్తిడి నిచ్చుట పాదము రెండవ పని.

మూడవ పని ఈ రెండింటి నుండియే పుట్టినది. గుడ్డ ఎట్లును పాదము క్రిందుగా పోవలసినదే. అది పోవు దారినే ఒక మలుపు త్రిప్పినచో గుడ్డ తనంతట తానే మడతపడును గదా! ఈ యోచన 19వ శతాబ్ది ఉత్తరార్ధమున అనేకులకు కలిగినది. అంచు మడచునవి, కుచ్చులు పోయునవి, పట్టీ చుట్టునవి, ఎడము కొలుచునవి - ఇట్లు పాదములు పలు రూపములు దాల్చినవి. సింగరు కంపెనీ వీనిని అమర్చి యిచ్చిన ఒక చెక్కపెట్టెపై 1889 ఫిబ్రవరి 19 పేటెంటు తేదీ కనబడును. విప్పినచో అది చదునుగా పలకవలె పరచుకొనును. మడచినచో చిన్నపెట్టె యగును. ఏ ముక్క చోటు ఆ ముక్కకు గలదు. ఏ పాదము పోయినదో ఖాళీ చోటే చెప్పును. తరువాతి కాలపు రేకుడబ్బాలకు ఈ సదుపాయము లేదు.

ఈ దేశమునకు వచ్చిన తీరు

సింగరు మిషనులు 19వ శతాబ్ది చివరి దశకములకే భారతదేశమున అమ్మకమునకు వచ్చినవి. సొమ్మంతయు ఒక్కసారి చెల్లింపలేనివారికి వాయిదాలపై మిషను నిచ్చు పద్ధతిని ఆ కంపెనీ 1856లో అమెరికాలో ప్రారంభించెను; ఆ పద్ధతియే ఇక్కడను సాగినది. ఈ దేశమునకు చేరిన పాత సింగరు మిషనులలో పెక్కింటి సంఖ్యల వెంట ‘కె’ అను అక్షరముండును. అది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు పట్టణమున గల కిల్‌బోవీ కర్మాగారపు గుర్తు. ఆ కర్మాగారము 1980లో మూతపడినది. అక్కడ పోతపోసిన మిషనులు మాత్రము తెలుగునాట పల్లెలలో నేటికిని తిరుగుచున్నవి.

స్వదేశమున కలకత్తాలోని జయ్ ఇంజనీరింగు వర్క్స్ వారు 1930వ దశకమునుండి ఉషా మిషనులను తయారుచేసిరి. తరువాత మరికొన్ని పేర్లతోను మిషనులు వచ్చినవి. ఈ నల్లని సాదా మిషనులలో పెక్కు సింగరు 15వ తరగతి నమూనాను అనుసరించినట్టివి. యంత్రముల వ్యామోహమును ఖండించిన గాంధీజీ సైతము 1924లో ‘యంగ్ ఇండియా’ పత్రికయందు వచ్చిన ఒక సంభాషణలో సింగరు కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొనిరి. యంత్రము మనిషి చేతిని పనిలేనిదానిగా చేయరాదనునది ఆయన పట్టుదల. డబ్బాలోని పాదములను గూర్చి ఆలోచించునప్పుడు ఆ మాట జ్ఞప్తికి వచ్చుట సహజము. ఇవి చేతిని తొలగించునవి కావు. చేతికి తోడు నిలుచునవి. గుడ్డను పట్టి నడిపించు చేయి లేనిదే వీనిలో ఏ ఒక్కటియు పని చేయదు.

అమరునా, అమరదా?

గుర్తుతెలియని పాదము చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది దాని పనిని కాదు, దాని కాలిని. మిషను తలకు ఎడమవైపున రెండు నిలువు కడ్డీలు దిగుచుండును. ముందరిది సూదికడ్డీ, దాని వెనుకనున్నది పాదపు కడ్డీ. పాదపు కడ్డీ చివర చేతితో త్రిప్పుటకు వీలైన ఒక మర యుండును. పాదమునకు గల నిలువు కాలిలోని గంటును ఆ మరక్రింద చొప్పించి బిగింపవలెను.

పాదమును బల్లపైకి దింపియుంచి, పాదము అడుగునుండి మర నడిమివరకు కొలిచినచో సుమారు అర అంగుళముండు మిషనులు పొట్టికాలివి. సుమారు ఒక అంగుళముండునవి పొడుగుకాలివి. ఇండ్లలో ఉండు పాత సాదా మిషనులలో అత్యధికము పొట్టికాలివే. సింగరు 1952లో తెచ్చిన 301 వంటి కొన్నింటిలో సూదికడ్డీయే ఏటవాలుగా నుండును. వానికి ఏటవాలు కాలిపాదములే అమరును. 66వ తరగతి తొలి మిషనులు కొన్నింటిలో మర ప్రక్కన గాక వెనుక నుండును. వాని పాదముల కాలిగంటు వేరు. ఒక పాదము బిగియనప్పుడు అది చెడినదని తలచుట తప్పు. అది వేరొక మిషను పాదమై యుండును. పొరుగింటి మిషనుకు సరిగా సరిపోవచ్చును.

ఇంకొక విశేషము గలదు. పొట్టికాలి కొలత నేటికిని మారలేదు. వేరువేరు కంపెనీలవారు నేడు విద్యుత్తుతో నడుచునట్లు చేయు ఇంటి మిషనులలో పెక్కు ఆ కొలతనే పాటించుచున్నవి. నూరేండ్ల క్రిందటి నత్తగుల్ల పాదమును నిన్న కొన్న మిషనుకు బిగించి చేతిరుమాలు అంచు కుట్టవచ్చును. ఒక మరయు ఒక గంటును ఇంతకాలము ఒకే కొలతలో నిలిచియుండుట యంత్రచరిత్రలో తరచుగా కనబడు సంగతి కాదు.

ఆకారము చెప్పు సమాధానములు

అమరునని తేలిన పిమ్మట మూడు ప్రశ్నలు వేయవలెను. పాదమునుండి సూదికడ్డీ వైపునకు చాచిన చేయి యేదైన ఉన్నదా? గుడ్డ లోనికి పోవు దారి యెట్లున్నది? అంకెలుగాని గీతలుగాని ఉన్నవా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో పేరు దొరికినట్లే.

చుట్ట యున్నచో అది అంచు మడచు పాదము, హెమ్మర్ అందురు. దీని ముందుభాగమున పలుచని రేకు తమలపాకుచిలుకవలె చుట్టబడి యుండును. గుడ్డయంచు అందులో ప్రవేశించి ఒకసారి, మరల ఒకసారి మడతపడి సూదిక్రిందికి చేరును. ఒక అంగుళములో ఎనిమిదవ వంతు మొదలుగా గల సన్నని అంచులు దీనితో వచ్చును. ఓణీ అంచునకు, చేతిరుమాలునకు ఇదియే తగినది. గుడ్డ మొదలును రెండుమార్లు వ్రేళ్ళతో మడచి నాలుగు కుట్లు వేసి, ఆ దారపు కొసలను వెనుకకు పట్టి లాగుచు అంచును చుట్టలోనికి జార్చవలెను. ఎక్కువ గుడ్డ పోయినచో చుట్ట నిండి మడత లావగును. తక్కువ పోయినచో కోసిన అంచు బయటపడును. ఎంత పోవలెనో కుడిచేతి వ్రేళ్ళు పది నిమిషములలో నేర్చుకొనును. చేతిరుమాలు మూలలను కొంచెము ఏటవాలుగా కత్తిరించినచో అక్కడ మడత బరువెక్కదు.

చుట్టతోపాటు ఒక చిన్న కొలబద్దయు, జరుపుటకు ఒక మరయు ఉన్నచో అది కొలత మార్చుకొను హెమ్మర్. సింగరు ముక్కపై 35931 అను అంకె కనబడును. అంగుళములో పదునారవ వంతులు మూడు మొదలు పదునైదు వరకు వెడల్పు గల అంచులు దీనితో మడవవచ్చును. పరికిణీ అడుగు అంచునకు, కిటికీ తెరకు ఇది ఉపయోగించును.

చుట్ట గరాటువలె రెండు ప్రక్కలు కలిసి, మధ్యలో గుడ్డ దూరుటకు చీలిక యున్నచో అది పట్టీ చుట్టు బైండర్. గుడ్డయంచు నడుమ పోగా పట్టీ దాని పైని క్రిందిని ఆవరించును. ఇందుకు పట్టీని గుడ్డకు అడ్డముగా గాని నిలువుగా గాని కత్తిరింపరాదు, క్రాసుగా కత్తిరింపవలెను. పడుగునూలును పేకనూలును లాగినచో సాగవు. వానికి ఏటవాలుగా లాగినచో నూలు గళ్ళు చతురస్రమునుండి ఒరిగిన ఆకారము దాల్చి గుడ్డ సాగును. మెడ వంపున ముడుత పడకుండుటకు ఈ సాగుడే కారణము. క్షేత్రగణితము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

ముందుభాగమున పలు చీలికలుండి, వానిపై 1 నుండి 5 వరకు అంకెలున్నచో అది అంచుకుట్టు పాదము. సింగరు సంఖ్య 36865. ఒక చీలికలో లేసును, మరియొక చీలికలో గుడ్డయంచును పెట్టినచో రెండును ఒకదానిపై నొకటి కొద్దిగా ఎక్కి, కుట్టు సరిగా ఆ యంచుమీదనే పడును. రెండు గుడ్డలను ఒకే ఎడముతో పట్టుకొనుటకు కుడిచేతి వ్రేళ్ళును ఎడమచేతి వ్రేళ్ళును పడు పాటును ఈ చీలికలు తాము వహించును.

మిడుతవలె కాలు చాచినది రఫ్లర్. కుచ్చులు పోయునది ఇదియే. డబ్బాలో నన్నిటికంటె పెద్దది. చాచిన చేతికి కొసన రెండు కొనల చీలిక యుండును. ఆ చీలికను సూదిని బిగించు మరకు తగిలింపవలెను. అప్పుడు సూది లేచి దిగునప్పుడెల్ల ఆ చేయియు లేచి దిగుచు, లోపలనున్న నీలిరంగు ఉక్కురేకును ముందుకు త్రోయును. ఆ రేకు గుడ్డను త్రోసి మడత వేయును. పైనున్న పలకపై 1, 6, 12 అను అంకెలును ఒక నక్షత్రపు గుర్తును ఉండును. 1 వద్ద ప్రతి కుట్టునకు ఒక మడత. 6 వద్ద ఆరు కుట్లకు ఒకటి. 12 వద్ద పండ్రెండు కుట్లకు ఒకటి. నక్షత్రము వద్ద మడతలేని తిన్నని కుట్టు. ఎంత గుడ్డ కావలెనో ముందుగా లెక్కింపవచ్చును. అంగుళమునకు 12 కుట్లు పడునట్లు పెట్టి, ఒక్కొక్క మడత పావు అంగుళము గుడ్డను తినుననుకొందము. 12 వద్ద అంగుళమునకు ఒక మడత. కావున అంగుళము కుచ్చునకు అంగుళమున్నర పావు తక్కువ, అనగా 1¼ అంగుళముల గుడ్డ. 6 వద్ద రెండు మడతలు. 1½ అంగుళముల గుడ్డ. 60 అంగుళముల చుట్టుకొలత గల పరికిణీ అడుగునకు 6 వద్ద కుచ్చు పోయుటకు 90 అంగుళముల పట్టీ కావలెను. ఈ లెక్క తెలియక మధ్యలో గుడ్డ చాలక ఆగిపోయిన కుచ్చులెన్నియో.

రెండు కొలబద్దలును, సూదితోపాటు ఆడు ఒక మీటయు ఉన్నది టక్కర్. ఒక కొలబద్ద టక్కు వెడల్పును, రెండవది టక్కునకు టక్కునకు నడుమ ఎడమును నిర్ణయించును. ఒక టక్కు కుట్టుచుండగనే తరువాతి టక్కు మడవవలసిన చోట ఈ మీట గుడ్డపై నొక్కుగీత గీయుచుపోవును. గోటితో గీత గీచి మడచు అలవాటు గలవారు దీనిని చూచినంతనే ఏ వ్రేలి పనియో గుర్తింపగలరు.

వంకర తిరిగిన ఒక కడ్డీ ప్రక్కకు చాచియున్నచో అది క్విల్టర్. పూర్వము కుట్టిన వరుసపై ఆ కడ్డీ కొసను నడిపించినచో క్రొత్త వరుస సరియైన ఎడములో పడును. దూదిపెట్టిన గుడ్డమీదికి సులభముగా ఎక్కుటకై దీని పాదము పొట్టిగా, కొనలు పైకి వంగి యుండును. పాతచీరెలతో చేతికుట్టు వేసి బొంతలు కుట్టు తెలుగు ఇల్లాండ్రు ఈ కడ్డీ పనిని జానెతోను వ్రేళ్ళ వెడల్పుతోను చేయుచు వచ్చిరి.

ఒకే వ్రేలు గల సన్నని పాదము జిప్పులకును, దారపు త్రాడు పెట్టిన పైపింగునకును ఉద్దేశింపబడినది. రెండువ్రేళ్ళ సాదాపాదము త్రాడుమీది కెక్కి సూదిని దూరముగా త్రోయును. ఒంటివ్రేలిది త్రాడును ఒరసికొని పోవును. జాకెట్టు మెడకు డోరీ పైపింగు వేయు దర్జీల బల్లపై ఇది నేటికిని నిత్యము కనబడును. డబ్బాలోని ముక్కలలో పేరు మాసిపోనిది బహుశః ఇదొక్కటియే.

ఇక కొన్ని డబ్బాలలో కాలిగంటు బొత్తిగాలేని ఒక చిన్న ముక్కయు, దానితో ఒక పొడుగు మరయు దొరకును. దానిని పాదపు కడ్డీకి బిగింపజూచి విసుగుచెందువారు పెక్కుమంది. మిషను బల్లపై సూదిపలకకు కుడిప్రక్కను చిన్న మరరంధ్రములున్నవేమో చూడవలెను. ఈ ముక్క అక్కడ బిగియును. ఇది గుడ్డయంచునకు హద్దురాయి; అంచును దీనికి ఆనించి నడిపినచో కుట్టు వంకరపోదు. సింగరు సంఖ్య 25527. చేయి స్థిరపడని విద్యార్థికి మొదట ఇవ్వదగినది ఇదియే.

ప్రయోగమునకు ముందు

పేరు తెలిసినంతనే మిషను త్రొక్కరాదు. పాతముక్కకు పట్టిన నూనె బంకవలె గట్టిపడి యుండును. కిరసనాయిలులో ఒక రాత్రి నానవేసి, పాత పండ్లబ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కదలు చోట్ల ఒక్కొక్క బొట్టు మిషనునూనె వేయవలెను. నానవేయునప్పుడు దగ్గర దీపము, పొయ్యి ఉండరాదు. రఫ్లరులోని నీలిరేకులను గరుకుకాగితముతో రుద్దరాదు. వాని నునుపే వాని పని.

పాదమును బిగించిన పిమ్మట సూదిని త్రొక్కుడుతో గాక చేతిచక్రమును మెల్లగా తనవైపునకు త్రిప్పి దింపవలెను. సూది పాదపు కన్నము నడుమ దిగుచున్నదో, ఉక్కును తాకుచున్నదో ఒక్క చుట్టులో తెలియును. తాకినచో పాదము వేరు మిషనుదై యుండవచ్చును, లేదా మర సరిగా బిగియక యుండవచ్చును. విరిగిన సూదిమొన కంటిని తాకుట కుట్టుపనిలో తెలిసిన ప్రమాదమే; చేతిచక్రపు ఒక్క చుట్టు దానిని తప్పించును. మొదటి ప్రయోగము తెల్లని నూలుగుడ్డపై, పై దారమొక రంగు, క్రింది దారమొక రంగు పెట్టి చేసినచో తప్పెక్కడనో కుట్టే చూపును. క్రిందిరంగు పైకి కనబడినచో పై దారపు బిగువు ఎక్కువ. పైరంగు క్రింద కనబడినచో తక్కువ.

తరగతి గదిలో

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల శాఖవారు నడుపు సాంకేతిక పరీక్షలలో టైలరింగు, ఎంబ్రాయిడరీ లోయరు, హయ్యరు తరగతులు చాలకాలముగా ఉన్నవి. ఆ పరీక్షలకు కూర్చుండు బాలికలు, చేతిపని నేర్పు ఉపాధ్యాయినులు ఉన్న ప్రతి ఊరిలోను పాత మిషనులు ఉండును. ఆ మిషనుల సొరుగులలో ఇట్టి డబ్బాలుండును. వానిని తెరచుటకు ప్రత్యేకమైన ఖర్చేమియు లేదు.

విద్యార్థులకు ముక్కల పేర్లు ముందుగా చెప్పకుండుట మేలు. ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క పాదమునిచ్చి, దాని బొమ్మను పైనుండి ఒకసారి, అడుగునుండి ఒకసారి గీయుమని చెప్పవలెను. తరువాత ఒక కాగితపు పట్టీని అందులోనికి దూర్చి అది ఎట్లు వంగి వచ్చునో చూడనీయవలెను. కాగితము మడతపడి వచ్చినప్పుడు పిల్లలలో ఎవరో ఒకరు, “ఇది మా అమ్మ చీరె అంచు మడచునట్లే యున్నది” అనకపోరు. ఆ మాట వచ్చిన తరువాత పేరు చెప్పినచో అది మరపునకు రాదు. చివరకు గుడ్డముక్కపై కుట్టిన నమూనాను బొమ్మ ప్రక్కన అంటించి, ఏ మిషనుకు అమరినదో, ముక్కపై ఏ సంఖ్య యున్నదో, కుట్టు తప్పినచో ఎందుకు తప్పినదో వ్రాయవలెను. ఇట్టి పుస్తకమొకటి పాఠశాలలో నిలిచినచో తరువాతి సంవత్సరపు పిల్లలు అక్కడినుండి మొదలు పెట్టుదురు.

ఇప్పటి మిషనులు మీట నొక్కినంత మాత్రమున కాజాలు కుట్టుచున్నవి, పూలు కుట్టుచున్నవి. వానిలోపల జరుగునది కంటికి కనబడదు. పాత పాదమునందు దాచినదేమియు లేదు. గుడ్డ ఎక్కడ ప్రవేశించునో, ఎక్కడ వంగునో, ఎక్కడ సూదిని చేరునో అన్నియు బయటనే యున్నవి. చూచి నేర్చుకొనదగిన యంత్రము అరుదగుచున్న కాలమున ఈ గుణమే దాని విలువ.

పల్లెలలోను పట్టణపు సందులలోను ఒక మిషనుతో సంసారమును ఈడ్చుచున్న స్త్రీలు నేటికిని అసంఖ్యాకముగా నున్నారు. వారిలో అనేకులు అంచులను వ్రేళ్ళతో మడచి, గోటితో నొక్కి, గుండుసూదులు గ్రుచ్చి కుట్టుచుందురు. వారి మిషను సొరుగులోనే ఆ పనికై చేసిన పాదము పేరులేక పడియుండును. దానిని బయటికి తీసి, తుడిచి, బిగించి చూపుటకు ఒక పూట చాలును. బడిలో నేర్చిన పిల్లయే ఇంటికి పోయి తల్లికి చూపవచ్చును. పాత ఇనుము కొనువాడు ఈసారి వీధిలోనికి వచ్చినప్పుడు డబ్బాను త్రాసులో వేయకముందు మూత యొకసారి తీయవలెను. నత్తగుల్లవలె చుట్టుకొనియున్న ఆ చిన్న ముక్కలోనికి ఒక గుడ్డయంచును జార్చి చక్రమును చేతితో త్రిప్పినచో అమ్మమ్మ వ్రేళ్ళు మడచిన మడతయే మరల వచ్చును.